పాలమూరు వేప చెక్కతో ఆర్కేడ్ స్టిక్: నా అనుభవం

ఫైటింగ్ గేమ్స్ కోసం ఆర్కేడ్ స్టిక్ (పాత వీడియో గేమ్ మిషన్లలోలాగా ఒక పెట్టె మీద లీవర్, బటన్లు బిగించిన కంట్రోలర్) తీసుకుందామనుకుంటున్నా, ఏ లీవర్ మంచిది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. నువ్వు ఎక్కడ కూర్చుని ఆడతావు? సోఫా మీదా, మంచం మీదా, కింద చాప మీదా? అడిగినవాళ్లు నవ్వుతారు. జపాన్ కంపెనీల్లో సన్వా లీవరా, సెయిమిత్సు లీవరా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఇంట్లో ఆడేవాళ్లకు మొదటి తలనొప్పి పెట్టెతోనే. పెట్టె కదలకుండా, మణికట్టు ఒరుసుకోకుండా ఉంటే మామూలు లీవర్‌తోనైనా హాయిగా ఆడొచ్చు. పెట్టె జారుతుంటే ఎంత ఖరీదైన లీవర్ బిగించినా దండగే.

మహబూబ్‌నగర్‌లో నా వయసు వాళ్లకు లీవర్ కొత్తేమీ కాదు. రూపాయి బిళ్ల వేస్తే ఆట మొదలయ్యే వీడియో గేమ్ షాపుల్లోనే మా సెలవులు గడిచాయి. మేం 'ముస్తఫా' అని పిలుచుకున్న గేమ్ అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో క్యాప్‌కామ్ కంపెనీ తెచ్చింది. అందులో ఒక హీరో పేరు ముస్తఫా కాబట్టి గేమ్‌కే ఆ పేరు పడిపోయింది. దాని పక్క మిషన్‌లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. ఆ మిషన్లు నిలువెత్తు చెక్క డబ్బాలు. ఎంత గుంజినా, ఎంత కొట్టినా అంగుళం కదిలేవి కావు. షాపు ఓనర్ మాత్రం కుర్చీలోంచి కదిలొచ్చి వీపు మీద ఒకటిచ్చేవాడు. నిలబడి ఆడేవాళ్లం కాబట్టి మోచేయి దానంతటదే సరైన వంపులో ఉండేది. ఇంట్లో ఇవేవీ ఉండవు. టీవీ గోడ మీద, మనం కింద, లీవర్ ఎక్కడ పెట్టాలో తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది ప్లేస్టేషన్ 4, అంటే పీఎస్4. ఎక్కువగా ఆడేది టెక్కెన్ 7, 2018లో ఈ కన్సోల్‌కు వచ్చిన కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 గ్లోబల్ మ్యాచ్. రెండు చేతుల్లో పట్టుకునే మామూలు కంట్రోలర్ ప్యాడ్‌తో ఆడలేక స్టిక్ చేయించుకోలేదు. గెలవాలంటే స్టిక్ ఉండాల్సిందే అన్న మాట నేను నమ్మను కూడా. 2014లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్స్ టోర్నమెంట్‌లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 గెలిచిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ మొట్టమొదటి ప్లేస్టేషన్ నాటి ప్యాడ్‌తో ఆడి గెలిచాడు. నాకు కావాల్సింది వేరు. కింగ్ ఆఫ్ ఫైటర్స్‌లో ఇయోరి అనే ఫైటర్‌తో పెద్ద దెబ్బ కొట్టాలంటే కింది నుంచి ముందుకు పావు చుట్టు తిప్పి, అక్కణ్నుంచి వెనక్కి అర చుట్టు లాగి పంచ్ నొక్కాలి. ఆ తిప్పుడు నా చేతికి, భుజానికి గుర్తుంది గానీ బొటనవేలికి గుర్తులేదు. పైగా ఓ గంట ఆడితే ప్యాడ్ గీతల మీద బొటనవేలి చర్మం ఎర్రబడేది.

బజారులో దొరికే రెడీమేడ్ స్టిక్కులు చూశాను. చవకవి ప్లాస్టిక్ డబ్బాలు, తేలిక. మంచివాటి ధర చూసి పేజీ మూసేశాను. విడిభాగాలు తెప్పించుకుని పెట్టె ఊళ్లోనే చేయిద్దామని అప్పుడే అనుకున్నా.

లీవర్‌గా సన్వా వాళ్ల జేఎల్ఎఫ్ తీసుకున్నా. అది చేతికొచ్చిన రోజు బిగించకుండా ముందు తిరగేసి చూస్తూ కూర్చున్నా. అడుగున నాలుగు దిక్కులా నాలుగు మైక్రో స్విచ్‌లు ఉంటాయి. మనం కడ్డీ పై కొసన ఉండే గుండు పట్టుకుని పైకి తోస్తే కడ్డీ కింది కొస కిందివైపుకు వాలి అక్కడి స్విచ్‌ను నొక్కుతుంది. అంటే 'పైకి' అన్న స్విచ్ నిజానికి కిందివైపు ఉంటుంది. మూలకు తోస్తే రెండు స్విచ్‌లు ఒకేసారి 'టిక్' మంటాయి. ఆ రెండూ కలిస్తేనే ఐమూల దిక్కు. ప్యాడ్ మీద ఉండే చిన్న అనలాగ్ పుల్లలాగా 'కొంచెం ముందుకు' అనేది ఇక్కడ లేదు. నొక్కినట్టా, నొక్కనట్టా, అంతే. చేయి వదలగానే స్ప్రింగ్ దాన్ని మళ్లీ మధ్యకు తెస్తుంది.

అడుగునే ఇంకో ముక్క ఉంటుంది. దాన్ని గేట్ అంటారు. కడ్డీ ఎంత దూరం పోవాలో అది ఆపుతుంది. జేఎల్ఎఫ్‌తో వచ్చేది చదరపు గేట్. దాని నాలుగు మూలలే నాలుగు ఐమూల దిక్కులు. ఎనిమిది పలకల గేట్ విడిగా దొరుకుతుంది, ప్రతి దిక్కుకూ ఒక గాడి చేతికి తగులుతుంది. కొత్తవాళ్లు చాలామంది అదే కావాలంటారు. నేను చదరపుదే ఉంచుకున్నా. గాడి గాడినీ వెతుక్కుంటూ పోతే చేయి నెమ్మదిస్తుందని నా అభిప్రాయం. కొరియా లీవర్లలో స్ప్రింగ్ బదులు రబ్బరు ఉంటుంది. అవి మధ్యకు బలంగా తిరిగొస్తాయి. టెక్కెన్ ఒక్కటే ఆడేవాళ్లకు అవి నచ్చుతాయి.

బటన్లు 30 మిల్లీమీటర్లవి ఎనిమిది, స్టార్ట్ లాంటివాటికి 24 మిల్లీమీటర్లవి రెండు. వైర్లు, వైరు కొసకు తొడిగే లగ్గుల కోసం హైదరాబాద్ పోయినప్పుడు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లా. సన్వా బటన్ కాళ్లకు 2.8 మిల్లీమీటర్ల లగ్గులు పడతాయి. షాపులో మామూలుగా చేతికిచ్చేవి ఇన్వర్టర్లకు, బండ్లకు వాడే పెద్ద సైజువి. ఒక బటన్ జేబులో వేసుకుని పోయి అక్కడే తొడిగి చూసుకోవడం మేలు.

ఇక పెట్టె. మెట్టుగడ్డ వైపు మాకు తెలిసిన వడ్లాయన ఒకాయన ఉన్నాడు. మా ఇంటి తలుపులు, దర్వాజాలు ఆయన చేసినవే. కాగితం మీద బొమ్మ గీసుకుని పోయా.

"పూజ పీటనా సార్ ఇది?"

"కాదన్నా, గేమ్ ఆడనీకె."

"గేమ్ ఆడనీకె పెట్టె ఏంటికి?"

ఫోన్‌లో ఒక వీడియో చూపించా. చేతులు మాత్రమే కనిపించే వీడియో, ఎడమ చేయి లీవర్ మీద, కుడి చేయి బటన్ల మీద. ఆయన ఆట వంక చూడనే లేదు. ఆడేవాడి ముంజేతులు పెట్టె అంచు మీద ఎక్కడ ఆనుతున్నాయో చూశాడు. "నువ్వు ఎట్ల కూసుంటవో కూసో" అన్నాడు. అక్కడే షాపులో చెక్క పొట్టు పక్కకు నెట్టి సక్లముక్లం పెట్టుకుని కూర్చున్నా. ఆయన ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చి నా తొడల మీద పెట్టి, రెండు మోకాళ్ల బయటి అంచులకు పెన్సిల్‌తో గీతలు కొట్టాడు. అదే వెడల్పు. కొంచెం తక్కువ పద్దెనిమిది అంగుళాలు వచ్చింది. ఇంటర్నెట్‌లో నేను చూసుకున్న కొలతలు దీనికన్నా చిన్నవి, బల్ల మీద పెట్టుకుని ఆడేవాళ్లవి. ఒళ్లో పెట్టుకునేవాడికి పెట్టె రెండు తొడల మీదా నిండుగా కూర్చోవాలి. లేకపోతే లీవర్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి ప్రతి తోపుకూ ఆ మూల కిందికి దిగుతుంది.

చెక్క దగ్గర చిన్న చర్చ నడిచింది. ఆయన ప్లైవుడ్ చాలన్నాడు, తేలికగా ఉంటుందని. నాకు తేలిక వద్దు.

"గంత బరువు ఎవరు మోస్తరు సార్?"

"మొయ్యను అన్నా. అది నన్ను మొయ్యాలె."

నవ్వి, మూలకు నిలబెట్టిన పాత వేప పలకలు చూపించాడు. ఏదో మంచం తీసేస్తే మిగిలినవట, బాగా ఎండినవి. నాలుగు పక్కలకూ అవే వాడాడు. అడుగు భాగం మాత్రం ప్లైవుడ్, వెనకవైపు రెండు చిన్న బందులు, ముందు రెండు స్క్రూలు. రిపేరుకు తెరవడం తేలిక. లీవర్ కింది భాగానికి, వైర్లకు లోపల రెండంగుళాల పైచిలుకు లోతు ఉంచమన్నా.

అసలు పనితనం ముందంచు దగ్గర బయటపడింది. మణికట్టు ఆనేది అక్కడే. మామూలుగా చేస్తే అది తొంభై డిగ్రీల మూల. పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత చర్మం మీద గీత పడుతుంది. ఆయన ముందు రందతో మూల కొట్టేశాడు. తర్వాత ఆకురాయి పట్టాడు. తర్వాత శాండ్ పేపర్ను ఒక చెక్కముక్కకు చుట్టి, రెండు చేతులతో ఒకే దిక్కుకు లాగుతూ పోయాడు. మధ్యమధ్యలో ఆగి నా చేయి తీసుకుని అంచు మీద పెట్టేవాడు. "ఇప్పుడు?" ఇంకొంచెం అనేవాణ్ని. మళ్లీ లాగేవాడు. ఆఖరికి చేయి పెడితే అంచు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియని గుండ్రానికి వచ్చింది. ముందువైపు ఎత్తు వెనక కన్నా అర అంగుళం తక్కువ పెట్టడం కూడా ఆయన ఆలోచనే. రెడీమేడ్ స్టిక్కులు తర్వాత కొన్ని పట్టుకుని చూశా గానీ ఇంత శ్రద్ధగా చేసిన అంచు కనబడలేదు.

పైపలక విషయంలో ఒకటి తెలుసుకుని పోవాలి. సన్వా బటన్లలో నొక్కి బిగించే రకం, మరతో బిగించే రకం అని రెండున్నాయి. నొక్కి బిగించేవాటి పక్కల చిన్న ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి. అవి పలుచని పలకకే పడతాయి. అర అంగుళం చెక్కలో అవి పట్టుకోవు. నా దగ్గరున్నవి నొక్కే రకం. అందుకని పైన 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్, దాని కింద ఊతంగా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టాం. ప్లైవుడ్‌లో రంధ్రాలు 36 మిల్లీమీటర్లు, యాక్రిలిక్‌లో 30. కొక్కేలు యాక్రిలిక్‌ను పట్టుకుంటాయి, చేతి బరువు ప్లైవుడ్ మోస్తుంది. యాక్రిలిక్ కోత ఊళ్లోనే సైన్‌బోర్డులు చేసే షాపులో లేజర్ మిషన్ మీద అయిపోయింది. బటన్ల అమరిక మాత్రం నేను కనిపెట్టలేదు. జపాన్ తైతో కంపెనీ వ్యూలిక్స్ క్యాబినెట్ అమరిక, అందరూ వాడేదే. దాని డ్రాయింగ్ ఫైల్ ఇస్తే షాపు కుర్రాడు ప్రశ్న లేకుండా కోసిచ్చాడు. చిన్నప్పటి మిషన్లలో నాలుగు బటన్లు ఒకే వరసలో ఉండేవి. ఇందులో వేళ్ల పొడవును బట్టి వరస వంగి ఉంటుంది. కొత్తలో చూపుడు వేలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాల్సి వచ్చినా త్వరగానే అలవాటైంది.

వైరింగ్ ఎవరైనా చేసుకోవచ్చు. ప్రతి బటన్‌కూ రెండు కాళ్లు. ఒకటి గ్రౌండ్, అది ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు పోతూనే ఉంటుంది. రెండోది, నొక్కుళ్లను కన్సోల్‌కు చేరవేసే సర్క్యూట్ బోర్డులో దానికి కేటాయించిన పిన్నుకు. సోల్డరింగ్ అవసరమే పడలేదు, లగ్గులు ప్లయర్‌తో నొక్కితే చాలు.

బోర్డు దగ్గరే కన్సోల్ వాళ్లకు అసలు టెన్షన్. కంప్యూటర్ మీద ఆడేవాళ్లు అదృష్టవంతులు, ఏ బోర్డయినా పలుకుతుంది. నా దగ్గర రాస్ప్‌బెర్రీ పై పికో ఒకటి ఉండింది. 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరతో వచ్చిన బోర్డు అది. దాన్ని కంట్రోలర్‌గా పనిచేయించే జీపీ2040-సీఈ అనే ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్) ఉచితం. బోర్డు మీది చిన్న బటన్ నొక్కిపట్టి కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్ మాదిరి తెరుచుకుంటుంది, ఫైల్ అందులో వేస్తే పని అయిపోయింది. ల్యాప్‌టాప్‌లో అన్ని బటన్లూ, అన్ని దిక్కులూ పలికాయి. పీఎస్4 సంగతి వేరు. తనకు తగిలించిన కంట్రోలర్ లైసెన్స్ ఉన్నదేనా అని అది నడుమ నడుమ సంతకం అడుగుతుంది. ఆ సంతకం చూపలేని బోర్డును ఎనిమిది నిమిషాలకు వదిలేస్తుంది. కేబుల్ పీకి మళ్లీ పెడితే ఇంకో ఎనిమిది నిమిషాలు. ప్రాక్టీస్ మోడ్‌కు పర్వాలేదు. మూడో రౌండు మధ్యలో మన మనిషి బొమ్మలా నిలబడిపోతే మాత్రం ఎదుటివాడికి పండగ. కొన్ని వారాలు పికోతోనే నెట్టుకొచ్చి, తర్వాత బ్రూక్ వాళ్ల యూనివర్సల్ ఫైటింగ్ బోర్డ్ బిగించా. అది పీఎస్3, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, స్విచ్, కంప్యూటర్ అన్నింటికీ పలుకుతుంది. మొత్తం ఖర్చులో లీవర్ కన్నా, పెట్టె కన్నా దీని వాటాయే పెద్దది. పీఎస్5 ఉన్నవాళ్లు కొనేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పీఎస్4 స్టిక్కులు దాని మీద పీఎస్4 గేమ్స్‌కు పనిచేస్తాయి, పీఎస్5 గేమ్స్ అన్నింటికీ పనిచేస్తాయన్న భరోసా లేదు.

టీవీలో గేమ్ మోడ్ పెట్టుకోవడం కూడా మర్చిపోవద్దు. ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేముల మీద నడుస్తాయి. టెక్కెన్‌లో మామూలు జాబ్, అంటే చిన్న పంచ్, పది ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. బొమ్మకు రంగులద్దే పనిలో టీవీ ఇంకొంత ఆలస్యం కలిపితే స్టిక్ మీద ఎంత ఖర్చు పెట్టినా లాభం లేదు.

పెట్టె తయారై ఒళ్లోకి వచ్చింది. బరువు నాలుగు కిలోలకు అటూ ఇటూ. అడుగున పాత సైకిల్ ట్యూబు కోసి నాలుగు పట్టీలు అంటించా. లుంగీ మీద కూడా జారదు.

ఆట మాత్రం ఘోరంగా ఉండింది. ప్రాక్టీస్ మోడ్‌లో మనం తోసిన దిక్కుల్ని బాణాలుగా చూపించే సదుపాయం ఉంది. అది పెట్టుకుని ఇయోరి తిప్పుడు తిప్పితే అసలు రోగం తెలిసింది. వెనక్కి లాగేటప్పుడు ఐమూల బాణం పడట్లేదు, కింద నుంచి నేరుగా వెనక్కి దూకుతోంది. చిన్నప్పుడు పిడికిలి బిగించి పట్టేవాళ్లం. ఆ షాపుల్లో లీవర్లు అరిగి అరిగి ఎటు తోసినా వాలిపోయేవి, ఆ బలం అప్పుడు అవసరమే. కొత్త లీవర్‌కు అంత బలం అక్కర్లేదు. అరచేయి పైకి తిప్పి, మధ్య వేలికీ ఉంగరపు వేలికీ నడుమ కడ్డీ వచ్చేలా గుండును అరచేతిలో కూర్చోబెట్టా. దీన్ని వైన్ గ్లాస్ గ్రిప్ అంటారు. భుజం పని తగ్గి, వేళ్ల పని పెరిగింది. బాణాలన్నీ వరసగా పడటం మొదలైంది. ఎడమవైపు నిలబడితే వచ్చే కదలిక కుడివైపుకు మారితే రాకపోవడం ఇంకో పీడ. ఆ పట్టులో ఒక దిక్కుకు వేళ్లతో తోస్తాం, ఇంకో దిక్కుకు అరచేత్తో తోస్తాం, రెండూ ఒకేలా ఉండవు. కాబట్టి రోజూ ప్రాక్టీస్ ముందు కుడివైపు నుంచే మొదలుపెట్టేవాణ్ని. టెక్కెన్‌లో వెనక్కి జారుతూ పోయే కొరియన్ బ్యాక్‌డాష్ ఇప్పటికీ నాకు సగమే వచ్చు. వెనక్కి, వెనక్కి, వెంటనే కింది వెనక మూలకు, మళ్లీ వెనక్కి, ఇలా తెగకుండా పోవాలి. నా చేతిలో మూడో దానికే తెగిపోతుంది.

ఇంట్లో గొడవ ఆట గురించి రాలేదు, చప్పుడు గురించి వచ్చింది. మైక్రో స్విచ్‌ల టిక్కు, బటన్ల టకటక రాత్రి పదింటికి పక్క గదిలోకి బాగా వినిపిస్తాయి. ఖాళీ చెక్క పెట్టె ఆ చప్పుడును పెంచుతుంది కూడా. "ఆ టకటక బంద్ చేస్తవా, వచ్చి గుంజి పారెయ్యాల్నా?" అని అమ్మ. లోపల గోడలకు పాత దుప్పటి ముక్కలు అంటిస్తే కొంత తగ్గింది. బటన్ల లోపల మెత్తటి ప్యాడ్ ఉండే చప్పుడు లేని రకం సన్వాలోనే ఉంది, మామూలు ఓబీఎస్ఎఫ్ వరస కాదు, ఓబీఎస్ఎఫ్ఎస్ అని అడగాలి. పేర్లు ఇట్లాగే కలిసిపోయి ఉంటాయి, ఆర్డర్ పెట్టేముందు అక్షరాలు చూసుకోండి. నొక్కుడు కొంచెం మెత్తగా ఉంటుందని కొందరికి నచ్చదు. ఇంట్లో అమ్మ ఉన్నవాళ్లకు నచ్చుతుంది.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. మొదటిసారి చూసినప్పుడు "మామా, గంత పెద్ద పెట్టెనా? ప్యాడ్ తోటి ఆడరాదే?" అన్నాడు. ప్యాడ్‌తోనే నన్ను ఓడించాడు, ఇప్పటికీ టెక్కెన్‌లో పది ఆటల్లో ఏడు వాడివే. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97లో మాత్రం వాడి పప్పులు ఉడకవు. స్టిక్ ఒకసారి ఇచ్చి చూశా. రెండు మ్యాచ్‌లు ఆడి తిరిగి ఇచ్చేశాడు. లీవర్ దూరం ఎక్కువట. పాకిస్తాన్‌లోని లాహోర్ నుంచి వచ్చి 2019లో ఈవో జపాన్, ఈవో రెండూ టెక్కెన్ 7లో గెలిచిన అర్స్లాన్ యాష్ వీడియోలు వాడు అదేపనిగా చూస్తాడు. వాటి పక్కన లీవరే లేని పెట్టెలు కనిపించాయి. నాలుగు దిక్కులకూ నాలుగు బటన్లు, కుడి చేతికి మామూలువే. ఇప్పుడు వాడికి అది కావాలి.

వడ్లాయన దగ్గరికి వాణ్నే తీసుకుపోయా. ఆయన మళ్లీ కూర్చోమన్నాడు. వాడు కింద కూర్చోడు, కుర్చీలో కూర్చుని ఆడతాడు. దాంతో వెడల్పు పదమూడున్నర అంగుళాలకు తగ్గింది. లీవర్ లేదు కాబట్టి లోతు కూడా అంగుళంన్నర చాలు. వేప పలక అయిపోయిందట, ఈసారి టేకు ముక్కలున్నాయన్నాడు. పికో నా దగ్గర ఖాళీగానే ఉంది, వాడు ల్యాప్‌టాప్ మీద ఆడతాడు కాబట్టి అది సరిపోతుంది. బటన్ల డబ్బులు వాళ్ల నాన్న ఇవ్వాలి.